కుడివైపు కిటికీ

అక్కా,

బావ క్షేమంగా దిగాడు, ఇక నువ్వు కడుపునిండా అన్నం తిను. ఆయనెక్కిన పెద్ద విమానాన్ని ఫొటోలు తీసి, దాని పుట్టుపూర్వోత్తరాలు రాసే పని పత్రికవాళ్ళు నాకే ఇచ్చారు. కింద నిలబడి చేయి ఊపుతానని బావకు మాటిచ్చాను. తీరా ఎండ నా వీపున ఉంటేనే బొమ్మ బాగా వస్తుందని, అలవాటుకొద్దీ విమానానికి ఎడమవైపు నిలబడ్డాను. బావ సీటేమో కుడివైపు! అటు సామాన్లెక్కించే ఆయన్ని చూసి నేననుకుని, బావ నువ్వల్లిన పచ్చ మఫ్లరు ఊపాడట. ఆయనా పాపం రెండు చేతులూ ఊపాడట, తర్వాత ఆ సామాన్లాయనే నవ్వుతూ నాతో చెప్పాడు.

"నువ్వు కనబడ్డాకే గుండెదడ తగ్గిందిరా" అన్నాడు బావ ఫోనులో. ఊఁ అన్నాను. నువ్వూ నోరు జారకు.

చంటిదాని దగ్గు తగ్గిందా? అటక మీది నా ఉన్ని టోపీ పంపు. మీ అత్తగారికి నమస్కారాలు. కాగితంలో చోటైపోయింది.

నీ తమ్ముడు

ఆ సామాన్లాయనకు నీ పేరు చెప్పి టీ ఇప్పించాను.