తలుపు వేసింది ఎవరు

చెల్లికి,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అమ్మా నేనూ క్షేమమే. నాన్న సంగతి కింద రాస్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నువ్వు పంపిన స్వెటరు అమ్మకి చేతులు పొడుగయ్యాయి. మడిచి తొడుక్కుంటోంది, విప్పమంటే విప్పదు. గది మారానన్నావు, ఇందులోనైనా కిటికీ ఉందా? 'దగ్గుల సైకిలు గోల తగ్గిందా?' అని అడిగావు. తగ్గింది.

మోకాళ్లు మొరాయించాక నాన్న సైకిలుకి చిన్న ఇంజను బిగించుకుని, ఇల్లిల్లూ తిరిగి కుట్టుమిషన్లు బాగుచేస్తున్నారు కదా. పోయిన నెలలో ఇంజనుకీ సైలెన్సరు గొట్టానికీ మధ్య అతుకు దగ్గర పొగ కక్కడం మొదలైంది. టపటపమని ఒకటే చప్పుడు. ఆయన పంట్లానికి నల్లటి జిడ్డు. ఎదురింటి రిటైరు మాస్టారైతే, "మీ నాన్న బయల్దేరితే మా గోడ మీద పటాలు వంకరపోతున్నాయయ్యా" అన్నారు. నేను రెండుసార్లు నట్లు బిగించాను. రెండు రోజులకే మళ్లీ వదులు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాన. రేకుల షెడ్డులో ఇద్దరం కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాం. నాన్న అతుకు దగ్గర అరచెయ్యి పెట్టి చూసి, "ఇదిగో, ఇక్కడే ఊదుతోందిరా. అతుకు మధ్య గ్యాస్కెట్ పొర చిరిగింది" అన్నారు. ఒక నట్టు మాత్రం తుప్పుపట్టి కదల్లేదు. కొత్త గ్యాస్కెట్ తెస్తానని నేను సామాన్ల కొట్టుకి వెళ్లాను.

తిరిగొచ్చి తలుపు తోసేసరికి షెడ్డు నిండా పొగ. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. నాన్న సీటు మీద తల వాల్చి ఉన్నారు. చంకల కింద చేతులు వేసి బయట తుంపరలోకి ఈడ్చుకొచ్చాను.

ఆస్పత్రిలో తొమ్మిది రోజులున్నాం. నాన్నకి జ్వరమని నీకు రాసింది అబద్ధం. ఆ పొగ మెదడుకి పట్టిందన్నాడు డాక్టరు. 'ఉత్తరం చివర నాన్న రెండు ముక్కలు ఎందుకు రాయడం లేదు?' అన్నావు. కలం పట్టుకుంటారు చెల్లీ. ఏం రాయాలో మర్చిపోతారు. ఒక్కోసారి నన్ను "మేస్త్రీ" అని పిలుస్తారు.

అమ్మ రోజూ ఆయన్నే సాధిస్తోంది. "తలుపేసుకుని ఇంజను నడుపుతారా ఎవరైనా? మతి ఉండే చేశారా?" అని. ఆయన తప్పు చేసిన పిల్లాడిలా తలూపి, "అవును, పొరపాటైంది" అంటారు. నేను పక్కనే కూర్చుని అన్నం తింటాను.

తలుపు వేసింది నేను.

జల్లుకి పనిముట్లు తడుస్తాయని వేశాను. మాస్టారు మళ్లీ వచ్చి గొణుగుతారని కూడా. "ఆపకండి నాన్నా, వేడి మీదైతే ఆ నట్టు తేలిగ్గా వస్తుంది" అన్నదీ నేనే. పది నిమిషాల్లో రావాల్సినవాణ్ణి వాన తగ్గేదాకా కొట్టులో కబుర్లు చెబుతూ నిలబడ్డాను. డాక్టరు "తలుపు ఎవరు వేశారు?" అని అడిగితే, "ఆయనే వేసుకున్నట్టున్నారు" అన్నాను. అమ్మ వింది.

పోయిన వారం సైకిలు ఆరుబయట పెట్టి విప్పాను. గొట్టం చివర, అతుకు దగ్గరుండే ఇనప పలకను అద్దం మీద ఆనిస్తే మధ్యలో సందు కనిపించింది. పలకే వంగిపోయింది, ఎన్నిసార్లు నట్లు బిగించి ఏం లాభం? గరుకు కాగితం మీద చదునుగా రుద్ది, కొత్త గ్యాస్కెట్ వేసి, గొట్టం వేలాడకుండా ఇనప పట్టీతో ఫ్రేముకి కట్టాను. ఇప్పుడు అతుకు దగ్గర పొగ రావడం లేదు. అరగంట పని. ముందే చేసి ఉండాల్సింది.

సెలవు దొరగ్గానే రా. నిన్ను గుర్తుపడతారని మాట ఇవ్వలేను. నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

ఈ ఉదయం అమ్మకి చెప్పేశాను. బట్టలు మడతపెడుతోంది. చేతిలోది కింద పెట్టి, నా మొహం చూడకుండా వరండాలోకి వెళ్లి నాన్న పక్కన కూర్చుంది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని, "తలుపేసింది మీరు కాదటండీ. ఊరికే మిమ్మల్ని నానా మాటలూ అన్నాను" అంది.

నాన్న అమ్మ వంక అయోమయంగా చూసి, "ఏ తలుపు?" అన్నారు.

ఇట్లు,
నీకు మొహం చూపించలేని
మీ అన్నయ్య