సీమచింత తోక

తెలిపారా, బిలాస్‌పూర్

ప్రియమైన ఉషారాణీ,

ఫోన్లో ఇదంతా చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ఆ సాయంత్రం మీ అక్కా నేనూ ఊరవతల కోని నుంచి స్కూటర్ మీద వస్తున్నాం. సీమచింత చెట్టు దగ్గర ఆపమంది, ఇక్కడ గంగా ఇమ్లీ అంటారు. దిగి, వంగి, ఒక కాయ ఏరింది.

"గంగా ఇమ్లీ ఏటి, ఇప్పుడు తింటావా?" అన్నాను.

"తినడానిక్కాదు. ఇది తోక. జాగ్రత్త," అని నా జేబులో వేసింది.

ఇంటికొచ్చి టీ పెట్టింది. గుండెల్లో నొప్పంది. హాస్పిటల్‌కి చేరేసరికే సౌభాగ్య లేదు.

గింజలతో, కాయ డొప్పలతో తను చేసిన సముద్రం బల్ల మీద అలాగే ఉంది. కొబ్బరి చిప్ప తాబేలు, పీత, రొయ్య. మధ్యలో ఒక బొమ్మకి చోటు వదిలింది. నెలాఖరున రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ప్రదర్శన. ఆ చోటు ఖాళీగా పంపలేను.

ఆ బొమ్మ చేపే అనుకుంటున్నాను. కాయ వంకరగా ఉందని నానబెట్టి ఇటుకల కింద పెట్టాను. రైలు పట్టాలా తిన్నగా వస్తోంది. మళ్ళీ చేతులకి పని దొరికింది. నిన్న అన్నం సహించింది.

మీ బావ
జానకిరామ్


భీమిలి

ప్రియమైన బావా,

కాయని ఇటుకల కింద పెట్టారా? అదేటి పని? ఉద్యోగమంతా పట్టాలు సరిచేశారు సరే, సముద్రంలో పట్టాలుండవు. వెంటనే తీసేయండి. ఆ వంకర కోసమే అక్క దాన్ని ఏరింది. అది సముద్రపు గుర్రం తోక.

బల్ల మీద ఉన్నది మన ఇల్లే. మీకు చెప్పలేదా? తాబేలు తను. పీత నేనట, గిల్లుతానని. కుదురుగా ఉండని రొయ్య మీ లాస్య. మిగిలింది మీరే.

చిన్నప్పుడు ఇక్కడ వలలో ఒక సముద్రపు గుర్రం పడింది. పిల్లల్ని మగదే పొట్టసంచిలో మోస్తుందని నాన్న చెప్పారు. అక్క నర్సుగా నైట్ డ్యూటీలు చేసినప్పుడు లాస్యని గుండెకి కట్టుకుని తిరిగింది మీరే కదా. "మా ఇంట్లో ఒక సముద్రపు గుర్రం ఉందే," అనేది నాతో.

మీ మరదలు
ఉషారాణి


తెలిపారా

ఉషారాణీ,

నీ ఉత్తరం వచ్చేసరికి కాయ తిన్నగా అయిపోయింది. వంచితే విరిగింది.

తర్వాత బొమ్మ మొదలుపెట్టాను. చేతులు ఆగడం లేదు. మెడకి చింతకాయ. పొట్టకి బూరుగుకాయ డొప్ప. లోపల దూది, దూదిలో ఒక గురివింద గింజ. రొయ్య కాకముందు లాస్య.

లాస్య వచ్చి చూసింది. "అచ్ఛా పప్పా, యే ఆప్ హో? ఇది మీరేనా?" అంది. గింజని వేలితో తడిమి, మళ్ళీ దూదిలో సర్దింది.

ఇక తోకే కావాలి. ఎల్లుండే ప్రదర్శన. కాయల కాలం అయిపోవచ్చింది. కోని దారిలో ఆ చెట్టుకింద ఇంకా కొన్ని ఉన్నాయని లాస్య చూసొచ్చింది. తెస్తానంటే వద్దన్నాను.

ఆ సాయంత్రం తను వంగి ఏరుతుంటే నేను స్కూటర్ దిగలేదు. ఇంజనైనా ఆపలేదు. రేపు పొద్దున్నే కోని వెళ్తాను. ఇంజన్ ఆపి, దిగి, నేనే వంగి ఏరుతాను.

జానకిరామ్