పదికి పది

జూన్ 7

ఏదైనా చెడిపోతే నేను ముందు నన్నే ఎందుకు అనుమానిస్తాను? ఎన్నో ఏళ్లుగా మోస్తున్న ప్రశ్న. పియానో శ్రుతి తప్పితే నా వేళ్లదే తప్పనుకున్నాను. పెళ్లి చెడితే నా నోటిదనుకున్నాను. ఇవాళ హైవే మీద అరవై అయిదు మైళ్ల వేగంలో కొత్త కారు ఉన్నట్టుండి ప్రాణం వదిలితే, నా మోకాలు ఏ బటన్‌కో తగిలిందేమో అనుకున్నాను.

కొని పంతొమ్మిది రోజులు.

లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. వెనక ట్రక్కు వాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఎలా పక్కకు తీశానో నాకే తెలియదు. పది నిమిషాలాగి బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

జూన్ 8

డీలర్ దగ్గర సర్వీస్ కౌంటర్‌లో ఆర్లెన్ ట్వైట్ ఉంటాడు. మా వీధిలో మూడో ఇల్లు. చర్చి క్వయర్‌లో నా వెనక వరుసలో నిలబడి పాడతాడు. కంప్యూటర్ తగిలించి చూశాం కారిన్, లోపమేమీ కనబడలేదు, నీకంటే నాకంటే ఆరోగ్యంగా ఉంది అన్నాడు. శ్రమ ఇచ్చినందుకు సారీ చెప్పి వచ్చాను.

వస్తుంటే వెనక నుంచి పిలిచాడు. కంపెనీ నుంచి సర్వే వస్తుంది, పదికి తొమ్మిది వేసినా పైవాళ్లకి సున్నా కిందే లెక్క, కాస్త చూసి వెయ్యి అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు. భార్య లోర్నాకి వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆ ఖర్చు భరించే ఇన్సూరెన్స్ అతని ఉద్యోగంతోనే వచ్చింది. ఆ మాట అతను అనలేదు. అననక్కర్లేదు, వీధి వీధంతా ఎరుగుదుం.

మీ సమస్య పరిష్కారమైందా? అవును. మొత్తం మీద మీ తృప్తి? పది. అన్నిటికీ పదే వేశాను. ముందే జవాబు చెప్పించుకున్న సర్వే చెత్తబుట్టకి తప్ప దేనికీ పనికిరాదని ప్రతి సెమిస్టర్ మొదటి వారం కాలేజీలో నేనే పాఠం చెబుతాను. స్టాటిస్టిక్స్ నా సబ్జెక్టు.

జులై 2

మళ్లీ. ఈసారి రైలు గేటు దగ్గర. పట్టాల మీద కాదు, ఇవతలే. అదృష్టమే అనుకోవాలట.

ఏమీ దొరకలేదన్నారు. సర్వే సంగతి ఆర్లెన్ మళ్లీ గుర్తుచేశాడు. పది.

జులై 5

సర్వీస్ వాళ్లకి ఒక పళ్లెం రూబార్బ్ బార్స్ మిఠాయి చేసి పట్టుకెళ్లాను. నన్ను రైలు కింద పెట్టబోయిన కారుని చూసి పెట్టినందుకు. నాలాంటి వాళ్లుంటే కంపెనీలకి కొదవేముంది?

ఆగస్టు 14

మూడోసారి. మెకానిక్ రెండు రోజులు తనే నడిపి చూశాడు. అతని దగ్గర పెళ్లికూతురిలా నడుచుకుందట. కాగితం మీద, కస్టమర్ చెప్పిన లోపం కనబడలేదు అని రాసిచ్చారు. సర్వే మాట ఆర్లెన్ ఈసారీ ఎత్తాడు. ఇప్పుడది మా వాకిట్లో నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉంది.

మా అమ్మాయి సిగ్నెకి పదహారు నిండాయి, దాని నోటికి అరవై. అమ్మా, నువ్వు ఇందాక కారుకి కూడా సారీ చెప్పావు, నేను విన్నాను అంది. చెప్పలేదన్నాను. చెప్పానేమో.

పది.

సెప్టెంబర్ 20

ఇవాళ సిగ్నె నడుపుతోంది. నేను పక్క సీట్లో. ఆస్పత్రి కూడలిలో ఎడమకి తిరుగుతుంటే, సరిగ్గా ఎదురు వరుసల మధ్యలో ఆగిపోయింది. ఎదుటి నుంచి వస్తున్న వ్యాన్ మాకు మూరెడు దూరంలో ఆగింది. 

సిగ్నె ఏడవలేదు. నా వైపు తిరిగి, నేనేం తప్పు చేశానమ్మా అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. కారు మీద కాదు.

సెప్టెంబర్ 26

నాలుగో రిపేరు. లోపం కనబడలేదు. ఈసారి సర్వే ముట్టుకోకూడదనుకున్నాను. క్వయర్ ప్రాక్టీసు అయ్యాక ఆర్లెన్ కోటు తొడుక్కుంటూ, నీది ఒక్కటే ఇంకా రాలేదు కారిన్, ఇవాళ ఆఖరు రోజు అన్నాడు. పార్కింగ్‌లోనే ఫోను తీసి వేసేశాను. పది. పైగా, ఆర్లెన్ మనిషి కాదు బంగారం, అని ఒక వాక్యం కూడా.

అక్టోబర్ 3

కాలేజీలో ఎవరో చెబితే మినియాపొలిస్‌లో పెట్రాకిస్ అనే లాయరమ్మకి ఫోను చేశాను. ఆవిడకి సగం మాటలు మింగే అలవాటు లేదు. మీది లెమన్ మేడం, పక్కా లెమన్ అంది. ఎన్ని రిపేర్లు చేసినా బాగుపడని కొత్త కారుని ఇక్కడ అలా అంటారు. ఒకే లోపానికి నాలుగుసార్లు అవకాశమిచ్చారు, పోలేదు, కాగితాలున్నాయి, చట్టం ప్రకారం డబ్బిచ్చి కారు వెనక్కి తీసుకోవాల్సిందే అంది. నేను సరిగ్గా నడపలేదంటారేమో అన్నాను.  మీరు కంపెనీ తరఫున ఫోను చేస్తున్నారా అని అడిగింది.

అక్టోబర్ 30

కంపెనీ ఒప్పుకోలేదు. నవంబర్ 29న మధ్యవర్తి ముందు విచారణ. ఇవాళ వాళ్లు పంపిన కాగితాలు చూసి పెట్రాకిస్ ఫోను చేసింది.

ఈ సర్వేలు మీరే నింపారా మేడం? నాలుగూ? సమస్య పరిష్కారమైందని నాలుగుసార్లు సంతకం పెట్టినట్టు కదా ఇది? ఈ బంగారం ఎవరు?

చెప్పాను. అతనే అడిగాడని కూడా చెప్పాను. అయితే ఆ ముక్క అక్కడ చెప్పండి, ఇంకేం అక్కర్లేదు అంది. మార్కులు అడిగి వేయించుకుంటే ఉద్యోగం తీసేస్తారండీ అన్నాను. అది అతని గొడవ, ఆ కారు మీ అమ్మాయి నడుపుతోంది, అది మీ గొడవ అంది. చెప్పకపోతే? చెప్పకపోతే మీరు తృప్తిపడ్డ కస్టమర్, తీసుకెళ్లి నడుపుకోండి అంది.

నవంబర్ 11

క్వయర్. ఆర్లెన్ చలి ముదిరిందన్నాడు. అవునన్నాను. కారెలా ఉందన్నాడు.

ఫర్వాలేదన్నాను. ఫర్వాలేదట!

నవంబర్ 28

సర్వేల సంగతి రేపు చెప్పక తప్పదేమోనని ఆర్లెన్‌కి ఇవాళే చెప్పేద్దామని వాళ్లింటి దాకా నడిచాను. లోర్నా తలుపు తీసింది. మోచేతికి కట్టు. కాఫీ తాగి పో అంది. వద్దన్నాను, కాదంది, వద్దన్నాను, మూడోసారికి తాగాను. చెప్పలేదు. మూడు కుకీలు తిని వచ్చాను.

నవంబర్ 29

కంపెనీ తరఫున వచ్చిన కుర్ర లాయర్ నా పదులన్నీ పైకి చదివాడు. ప్రశ్న, పది. ప్రశ్న, పది. రూబార్బ్ బార్స్ సంగతి కూడా ఎలా తెలిసిందో, దాన్నీ చదివాడు. మధ్యవర్తి పెద్దావిడ. కళ్లజోడు తీసి, ఎందుకు వేశారమ్మా పది అని అడిగింది.

గొడవ ఇష్టంలేక అని చెబుదామనుకున్నాను. అదీ నిజమే, కానీ చాలదు. పెట్రాకిస్ బల్ల కింద నా బూటు తొక్కింది. తొక్కకపోయినా చెప్పేదాన్నే అనుకుంటాను. అనుకుంటాను.

అతను అడిగాడు, నాలుగుసార్లూ అడిగాడు, అన్నాను. ఎవరని అడగలేదు. పేరు ప్రతి కాగితం మీదా ఉంది.

డిసెంబర్ 11

ఉత్తరం వచ్చింది. కంపెనీ కారు వెనక్కి తీసుకుని డబ్బిచ్చేయాలి. సిగ్నె వంటింట్లో గరిటె పట్టుకుని గెంతింది. నేనూ గెంతాను.

డిసెంబర్ 16

వెనక వరుసలో అతని చోటు ఖాళీ. ఉద్యోగంలో శుక్రవారమే ఆఖరి రోజట. లోర్నా చెప్పింది. ఇన్సూరెన్స్ ఈ నెలాఖరు దాకా ఉంది, తర్వాత ఏదో చూసుకుంటాం, నువ్వు మనసులో పెట్టుకోకు, ఇంతకంటే ఘోరాలు లేవా అంది. కేకు ఎలా చెయ్యాలో చెప్పే గొంతుతోనే అంది. నన్ను కౌగిలించుకుంది కూడా.

డిసెంబర్ 20, ఉదయం 6:40

రాత్రి అడుగు మందాన మంచు పడింది. చప్పుడుకి లేచి చూస్తే, ఆర్లెన్ మంచు తోసే తన యంత్రంతో మా వాకిలి ఊడుస్తున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ చెయ్యలేదు. గ్యారేజీ తలుపు దాకా, అంచులు కత్తితో కోసినట్టు. ఈ కిటికీ వైపు చూడడం లేదు.

చెప్పి మంచిపని చేశానో లేదో నాకు తెలియదు. తలుపు తీసి బయటికి వెళ్లాలా వద్దా అన్నదీ తేల్చుకోలేకపోతున్నాను. ఇంకో రెండు వరుసల మంచే మిగిలింది.