పొయ్యిలో ఇరుక్కున్న గంగాళం

నాన్నా,

మా పెరడు తప్ప అందరం క్షేమమే.

మీ అల్లుడు పెరట్లో ఇటుకలతో పిజ్జా పొయ్యి కడుతున్నారని రాశాను కదా. ముప్ఫయ్యేళ్ళు తాపీపని చేసిన మనిషివి, విడమరిచి చెప్పావు: తడి ఇసుక గుట్టగా పోసి, దాని మీద గుమ్మటం కట్టి, ఆరాక ఇసుకని పొయ్యి మూతిలోంచి తోడేయమని. ఆయన వింటేనా! తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇసుక మోయడం దండగని, అటక మీదుండే రాగి గంగాళం బోర్లించి దాని మీద కట్టేశారు. గుమ్మటం ముచ్చటగానే వచ్చింది. నిన్న గంగాళం లాగబోతే రాదే! పొయ్యి మూతి మూరెడు, గంగాళం మూరన్నర. నేను నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, "లోపలే ఉండనీ, రాగి కదా, వేడి బాగా నిలుస్తుంది" అంటారు. మరి పిజ్జా ఎక్కడ పెడతారట, నా నెత్తి మీదా?

పొయ్యి పగలకుండా గంగాళం వచ్చే దారుంటే వెంటనే రాయి. లేకపోతే సుత్తి నేనే పట్టుకుంటాను. తమ్ముడి దగ్గు తగ్గిందా? అమ్మకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకు, అది వాళ్ళమ్మ ఇచ్చిన గంగాళం. విరిగిన నీ కళ్ళజోడు బాగుచేయించుకున్నావా?

అయ్యో, చేయించుకోకపోతే ఈ కార్డు నీకు చదివిపెడుతున్నది అమ్మే కదా!

అమ్మా, నీకు దండం పెడతాను. తిట్టేదేదో నీ అల్లుడి పేరున విడిగా కార్డు రాయి. అటక ఎక్కి దాన్ని ఆయన చేతికి అందించింది మాత్రం నేనే.

నీ కూతురు