చర్చికి చిన్న ఆంప్లిఫయర్

తమ్ముడు ఇమ్మానుయేలుకు పెద్దముడియం నుంచి అక్క, ప్రభువు పేరిట వందనాలు.

ప్రొద్దుటూరులో మన చర్చికి చిన్న స్టీరియో ఆంప్లిఫయర్ ఒకటి చూడు. రెండు స్పీకరు పెట్టెలకు చాలితే చాలు. పాట గోడలు దాటి పోనక్కర్లేదు.

చర్చి పాత మైకు సెట్టు పెద్దది. మీ బావ దాన్ని బిడ్డలా చూసుకున్నాడు. ఎలక్షన్లప్పుడు నాయకుని మనిషి వచ్చి, "సెట్టు ఇయ్యప్పా. నువ్వు గూడా జీపెక్కు, దాని సంగతి నీకే తెలుసు గదా" అన్నాడు. అది అడగడం కాదు. జమ్మలమడుగు దారిలో అవతలి పార్టీవాళ్లు జీపు మీద బాంబులేశారు. మైకులో అరిచినవాడు దూకి పారిపోయాడు. మీ బావ సెట్టును వదల్లేదంట, దాంతోనే పోయాడు. ఇదంతా నీకు తెలుసు. ఇక్కడ అందరూ మరిచిపోయారు, అందుకే మళ్లీ రాస్తున్నాను.

ఇప్పుడు అదే నాయకుడు మీ బావ పేరు రాయించి ఇంకా పెద్ద సెట్టు ఇస్తానన్నాడు. సంఘపెద్దలు మురిసిపోతున్నారు. నేను ఒప్పుకోలేదు. ఇచ్చినవాడు వచ్చే ఎలక్షన్లకు సెట్టును అడుగుతాడు, దాంతో పాటు ఇంకో మనిషినీ అడుగుతాడు.

అంగడాయన పెద్దవే చూపిస్తాడు. నువ్వు మెత్తబడొద్దు. ఏదైనా ఒకదాన్ని పక్కకు నెట్టి, "ఇది మీటింగులకు పనికిరాదప్పా" అన్నాడనుకో, అదే కట్టించుకొని రా.

అక్క