దొడ్లో మాయమైన సొరకాయలు

జనగామ, 1969, శుక్రవారం

ప్రత్యేక తెలంగాణ బందులతో అంగడి మూతపడినప్పటి నుంచి మా ఇంటి దొడ్లో పండిందే మాకు కూర. పందిరి మీద ఏ సొరకాయ ఎక్కడ వేలాడుతోందో నాకు కంఠతా వచ్చు. ఈ వారంలో రెండు మాయమయ్యాయి. పక్క వాటాలో ఉండే గుంటూరు టీచరు భార్య మీదనే నా అనుమానం. ఆమె గడప దాటదు, వాళ్లకు దొడ్డి లేదు, కానీ వాళ్ల పొయ్యి మీద రోజూ కూర ఉడుకుతోంది.

ఈ రోజు గోడ దగ్గర నిలబడి అడిగేశాను. "మా సొరకాయలు ఎవరు తెంపిన్రో చూసిన్రా, అక్కా?"

ఆమె ముఖం పాలిపోయింది. "లేదండీ," అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. దొంగ దొరికిందనుకున్నాను.

మా అత్తమ్మ వెనకే నిలబడి అంతా విన్నది. "నేనే తెంపి ఇచ్చిన. బజార్ల నోరు తెరిస్తే ఆంధ్రోళ్లని గుర్తుపడ్తరని ఆమె బయటికే పోతలేదు. పిల్లలకు ఏం వండిపెట్టాలె?"

"నాకు చెప్తే ఏమైతుండె, అత్తమ్మా?"

"నువ్వు ఇయ్యనిస్తవా?"

ఇవ్వనివ్వనని అత్తమ్మకు అంత గట్టిగా ఎలా తెలుసు? కోడలిగా వచ్చిన పన్నెండేళ్లుగా నన్ను ఇలాగే చూస్తోందా?

పొద్దున ఒక కాయ నేనే తెంపి పట్టుకెళ్లి పక్క వాటా తలుపు తట్టాలి. నా గొంతు విని ఆమె తీస్తుందో లేదో...