పక్క కుర్చీ

ప్రియమైన మీకు,

ఈసారీ సెలవు దొరకలేదని కబురు పంపారు. నేనంటే ఇష్టం లేకే రావడం లేదేమోనని లోపల్లోపలే కుమిలిపోతున్నాను. ఇంకా ఊరుకుంటే నాకే పిచ్చెక్కుతుందని ఇప్పుడు రాస్తున్నాను. ఫోనులో చెబుదామంటే ఇక్కడ గోడ అవతల అత్తయ్య, అక్కడ మీ గదినిండా తోటి పనివాళ్లు.

మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేనే. అయినా ఈ సంగతికి మాటలు ఎవరూ నేర్పలేదు. మీరు దగ్గరికి వచ్చినప్పుడల్లా నా ఒళ్లు బిగుసుకుపోయేది, నొప్పి భరించలేకపోయేదాన్ని. మీరు ఆగిపోయి అటు తిరిగి పడుకునేవారు. తప్పు నాదే. మంచం మీద మీ వైపు ఖాళీగా కనబడకుండా ఉతికిన బట్టలు పెట్టుకుంటున్నాను.

మీరు వెక్కిరిస్తూ పిలిచే
పంతులమ్మ

ప్రియమైన పంతులమ్మకి,

నీ ఉత్తరం లిఫ్టు మోటారు గదిలో కూర్చుని చదివాను. అక్కడికి ఎవరూ రారు. నీకు నొప్పి అని నేను ఆగలేదు. నావల్ల కాక ఆగాను. ఆ సిగ్గుతోనే ఇంత దూరం పని అడిగి మరీ వేయించుకున్నాను.

నాకు పెళ్లికి ముందునుంచే బీపీ ఉంది. నీకు చెప్పలేదు. మాత్రల వల్లే ఇలా అవుతోందని గదిలో ఒకడు అన్నాడు. "మానేసి చూడరా, గుర్రంలా ఉంటావు" అన్నాడు. మానేశాను. గుర్రం సంగతి దేవుడెరుగు, నిన్న లిఫ్టు పైకెక్కి తాళ్లు చూస్తుంటే కళ్లు తిరిగాయి. కడ్డీ దొరికింది కాబట్టి సరిపోయింది.

నాకోసం ఎదురుచూడకు.

నీ మెకానిక్

ప్రియమైన మెకానిక్ గారికి,

ఎదురుచూడకుండా ఉండటం నాకు చేతకాదు. మీ ఉత్తరం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ మండిపడింది. మాత్రలు సొంతంగా మానకూడదట, పడకపోతే మార్చి ఇస్తారట. ఈరోజే అక్కడ ఎవరికైనా చూపించుకోండి. అంతవరకూ పైకి ఎక్కకండి, నా మీద ఒట్టు.

మగవాళ్లకి ఇలా కావడానికి బీపీ, షుగరు, కొన్ని మందులు, దిగులు, మళ్లీ కాదేమోనన్న బెరుకు, ఏదైనా కారణం కావచ్చట. కొందరికి అసలు కోరికే కలగదట. నాది భయంతో కండరాలు వాటంతట అవే బిగుసుకోవడమట. నయమవుతుందట. లిఫ్టు ఆగగానే అందరూ మోటారు పోయిందంటారు, ముందు తలుపు సరిగ్గా పడిందో లేదో చూడాలి అనేవారు కదా మీరు. మనం ఏదీ చూడకుండానే ఎవరి మోటారుని వాళ్లం తిట్టుకున్నాం.

డాక్టరమ్మ ఎదుట రెండు కుర్చీలున్నాయి. పక్కదాంట్లో నా సంచి పెట్టాను. "ఇందులో ఎవరమ్మా?" అంది. మీరని చెప్పాను. ఇరవయ్యో తేదీన ఇద్దరినీ రమ్మంది.

పద్నాలుగో తేదీలోగా జవాబు రాయండి. ఇరవయ్యో తేదీన సంచి ఒళ్లో పెట్టుకోవాలో, కుర్చీలోనే పెట్టాలో నాకు తెలియాలి.

మీ పంతులమ్మ